నానబెట్టిన ముక్కలు

నాలుగడుగుల వెడల్పు, ఐదున్నర పొడుగు.
మిద్దె మీద, నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని
ఇనప యాంగిళ్ళతో బోనులాగ నిలబడుంది,
ఇంకా స్నానాలగది కానిది.

"ఇటుకలొద్దక్కా, పాత మిద్దె, బరువు మోయదు.
బోర్డులే కొట్టాల. ఏ బోర్డో నువ్వే తేల్చు" అని
భుజం మీది తువ్వాలు విదిలించుకుని
గుడియాత్తం బస్సుకు పోయినాడు సెల్వం మేస్త్రీ.

గ్రీమ్స్‌పేటలో పద్దెనిమిదేళ్ళుగా జాకెట్లు కుట్టేదాన్ని.
నన్నడిగితే?

అంగట్లో ఖాజాపీరు ఒక్కోదాన్నీ వేలితో కొట్టి వినిపించాడు.
తెల్లదాన్ని గోటితో గీరితే బలపంలా రాలింది.
పచ్చకాగితం అంటించుకున్నది దాని చెల్లెలే.
"తేమకు తట్టుకుంటాదమ్మా" అన్నాడు,
తేమ అన్నాడు గానీ నీళ్ళనలేదు.
ప్లైవుడ్డు నున్నగా మాటకారిలా వుంది.
మూలన బూడిదరంగుది ఒకటి, గోడకు మొహం పెట్టి.
ఎత్తబోతే మోచెయ్యి కలుక్కుమంది,
ధర విన్నాక ఇంకోసారి.

"తలా అరచెయ్యంత ముక్క ఇయ్యి, రేపు చెప్తా" అన్నా.
మగవాళ్ళెవరూ ఇట్లా అడగలేదని నవ్వాడు.

లైనింగు బట్ట నానబెట్టకుండా
కత్తెర పెట్టిన రోజులు నాకూ వున్నాయి.
మొదటి ఉతుక్కే లోపలిది ముడుచుకుపోయి
పైనున్న పట్టును గుంజి ముడతలేసింది.
సుగంధి టీచరు ఆ జాకెట్టు మిషను మీద పెట్టి
ఒక్క మాటా అనకుండా మెట్లు దిగిపోయింది.
ఆ రోజు నుంచీ
కనబడనిదాన్నే ముందు తడుపుతా.

రాత్రి నాలుగు ముక్కలూ బకెట్లో వేసి
చెంబు ముంచబోతే చెయ్యి ఆగింది.
తొమ్మిది రోజులకోసారి ట్యాంకరొచ్చే వీధి మాది.
కింద నాలుగు కాపురాలకూ ఒకటే రేకు తలుపు,
లోపలుంటే చాలు,
తట్టే వేళ్ళను బట్టి ఎవరో చెప్పగలను.
చెంబు లెక్కన బతికేవాళ్ళం
నీళ్ళకు భయపడి గోడ ఎంచుకోవడం.
నవ్వొచ్చింది, ఒక్కదాన్నే నవ్వుకున్నా.
పోసేశా, ముక్కలు మునిగేదాకా.

తెల్లారేసరికి
తెల్లది చద్దిముద్ద.
పచ్చదాని కాగితం ఉబ్బి, ఒక మూల ఊడి తేలుతోంది.
ప్లైవుడ్డు అంచులు తడిసిన పుస్తకంలా విచ్చుకున్నాయి.
బూడిదది కాస్త నల్లబడింది.
పిట్టగోడ మీద ఎండకు పెడితే
ఇడ్లీ దించేలోపు తన రంగుకు తాను వచ్చింది.
బకెట్టు నీళ్ళు కరివేపాకు మొక్కకు పోశా.

గెలిచినట్టు చూపిస్తే మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.
"ఇది చెడదక్కా, నిజమే. కానీ నీళ్ళనాపదు,
తాగి వదిలేస్తాది. పైన పూత రెండుసార్లు వెయ్యాల.
నేలకు మందంది, గోడకు పల్చంది.
వాటం టైలుతో రాదు, బోర్డు కిందే రావాల."
అంచుకూ అంచుకూ మధ్య అగ్గిపుల్లంత సందు వదిలాడు.
ఎందుకని నేనడగలేదు.
ఒంటికి అతుక్కునేట్టు కుట్టిన చంక
చెయ్యెత్తిన రోజే పిగులుతుంది.

జానెడుకో మర. పట్టీ. పూత.
ఒకటి ఆరేదాకా ఇంకొకటి వెయ్యనీకుండా
గడప దగ్గర స్టూలేసుకుని కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నా.
చీటీ డబ్బుల్లో సగం ఆ బూడిదరంగులోకే పోయింది.
టైలు మాత్రం ఐదు నిమిషాల్లో తేల్చేశా,
మిగిలిన డబ్బుకు ఏది వస్తే అది,
అంచుకు నీలి గీతున్న తెల్లది.

చూడ్డానికొచ్చిన మెహరున్నీసా
ఆ నీలి గీత మీద వేలు జరిపి
"ఎంత బాగా ఎంచుకున్నావక్కా" అంది.
ఔనన్నా.

మిగిలిన ముక్క
కుంటుతున్న నా మిషను కాలు కింద వుంది.
పెడల్ తొక్కినప్పుడు ఇప్పుడు బల్ల ఊగడంలేదు,
కత్తెర దానంతటదే జారి కింద పడడం మానింది.